చింతలొద్ది స్టేజి

ఆ ఎండకాలం మా బాపు దగ్గర మూడే మాటలు మిగిలినయ్. కాదు. పోదాం. రైట్ రైట్.

మూడోది ఆయన సొంత మాట గూడ కాదు. ముప్పయ్యేండ్లు బస్సు నడిపిన మనిషి, వెనుక నుంచి కండక్టర్లు అనంగ అనంగ చెవుల నాటుకపోయిన మాట. శివరాత్రి పోయిన వారానికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, నోరు ఒక్కసారే పడిపోయినయ్. కాలు మెల్లగ లేచింది. మాట లేవలే. "లోపల అన్నీ ఉన్నయమ్మా, బయటికొచ్చే తొవ్వ దొరుకుతలేదు అంతే. బయట తిప్పండి, మాట్లాడిస్తుండండి" అన్నడు కరీంనగర్ డాక్టరు.

మాది హుస్నాబాద్‌కు అవతల ఒక చిన్న టౌను. ఒక బస్టాండు, వారానికొక అంగడి, నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు. ఆ రోడ్ల మీద, గుట్టల చాటున, చెరువుల కింద, ఇరవై ఇండ్లదొకటి, యాభై ఇండ్లదొకటి, ఎన్నో చిన్న పల్లెలు. నేను అక్కడనే పుట్టి పెరిగి, అక్కడి ప్రైవేటు బడిలనే టీచరుగ చేసుకుంట గూడ, వాటిల్ల సగం పేర్లు వినలే. బాపు పొద్దుగాల ఆ పల్లెలల్లకు పోయి మాపటికి వచ్చేటోడు. అక్కడ ఏమున్నదో ఆయన చెప్పలే, మేము అడగలే.

ఉగాది తర్వాత ఒకనాడు లేచేసరికి బాపు మంచం ఖాళీగ ఉండె. నన్ను కన్న అవ్వ, నేను ఆగమాగం ఉరికినం. పెట్రోలు బంకు దాటినంక కనబడ్డడు. ఒక కాలు ఈడ్చుకుంట రోడ్డు పక్కపొంటి పోతుండు.

"ఏడికి బాపూ?"

ఎడమ చెయ్యి ముందుకు చాపిండు. "పోదాం."

మూడు దినాలకు మళ్ల పోయిండు. వారానికి మళ్ల. అవ్వ గేటుకు తాళమేసి చాబి కొంగుకు ముడేసుకున్నది. బాపు గేటు కాడ కుర్చీ ఏసుకొని, సందుల నుంచి రోడ్డును చూసుకుంట కూసునేటోడు. నోట మాట లేదు, కండ్లల్ల ఒకటే రంది.

మా అవ్వ బాలలక్ష్మి పొద్దంత బీడీలు చేస్తది. ఒకనాడు ఒళ్లె చాట పెట్టుకొని తునికాకు కత్తిరించుకుంట, తల ఎత్తకుండనే అన్నది.

"మీ బాపు ఎవరినో చూడాల్నంటుండు మమతా. ఏడికని చెప్పొస్తలేదు."

"ఎవరినే?"

"నాకేమెరుక. బళ్లకు సెలవులిస్తరు గద, తీస్కపో. ఏ ఊరో, ఎవ్వరిల్లో, చూసొచ్చి నాకు చెప్పు." ఎవ్వరిల్లో అనంగ ఆమె గొంతు జర గట్టిగైంది. నేను అప్పుడు పట్టించుకోలే.

సెలవులిచ్చిన తెల్లారి నుంచే మొదలువెట్టినం. ఐదు గంటలకు బాపును స్కూటీ మీద నా వెనుక కూసుండవెట్టి, జారిపోకుంట ఇద్దరి నడుములకు కలిపి అవ్వ పాత చీర చుట్టేది. ఆ యాళ్లప్పుడు మా రోడ్లు వేరే లోకం తీరుగుంటయని నాకు ముప్పయ్యేండ్లకు తెలిసింది. యాసంగి వడ్లు రోడ్డు పొడుగూత ఆరబోసి ఉంటయ్, వాటి పక్కన రైతులు తువ్వాలలు మొఖం మీద కప్పుకొని నిద్రపోతుంటరు. రేల చెట్లు ఒంటినిండ పసుపు పూలు ఏలాడేసుకొని నిలబడుతయ్. గ్రానైటు కోసం సగం కోసిన గుట్టలు దూరానికి ఎవరో కొరికి పెట్టిన బెల్లం ముద్దల లెక్క కనబడతయ్. మాటలు లేని బాపు, ఆ గాలి, వెనుక నుంచి మెడకు తగిలే ఆయన ఊపిరి. కొంత దూరం పోయినంక నేను గూడ మాట్లాడుడు బందు పెట్టేదాన్ని.

మొదట పోయింది సోమ్లా తండాకు. స్కూటీ ఆగిందో లేదో ఒక ముసలామె చేతుల మీద గాజులు గలగలలాడించుకుంట ఉరికొచ్చి బాపు మొఖాన్ని రెండు చేతులతోని పట్టుకున్నది.

"డ్రైవరు సాబ్! ఎట్లయినవు అయ్యా!" అని, నా దిక్కు తిరిగి, "మా తండల గడియారం లేకుండె బిడ్డా. గీయన హారను కొడితె మాకు ఏడు గంటలు" అన్నది. మమ్మల్ని కూసుండవెట్టి వేడివేడి జొన్నరొట్టె మీద కారం ఏసి పెట్టింది. బాపు ఎడమ చేత్తోని తిన్నడు. నవ్విండు. తిన్నంక లేచి చుట్టూ చూసి, "కాదు" అన్నడు. "పోదాం."

ఎనగంటిపల్లెల కుమ్మరి ఒకాయన బాపు చేతిని పట్టుకొని వదలలే. అంగడి నాడు బస్సు మీద యాభై కుండలు కట్టుకొని పోతే ఒక్కటి పగలకపోయేదట. గుంత వస్తే బస్సును పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాటించేటోడట. క్వారీ పక్కన వడ్డెరోళ్ల గుడిసెల కాడ, సమ్మెట పట్టుకున్న ఒక పడుచు పిల్ల మమ్మల్ని చూసి పని ఆపింది. "నేను గీయన బస్సులనే పుట్టిన. మా అవ్వ చెప్పింది" అన్నది సిగ్గుపడుకుంట. బాపు ఆమెను మస్తుసేపు చూసిండు. అక్కడ గూడ "కాదు" అన్నడు.

గొల్లల పల్లె ఒకటి, మేదరోళ్ల వాడ ఒకటి, పేరు గూడ సరిగ లేని గుట్ట కింది ఇండ్లు కొన్ని. రోజుకొకటి, ఒక్కొక్కనాడు రెండు. ముంజలు చెక్కిచ్చిన్రు, సల్ల పోసిన్రు, నీడల మంచం ఏసిన్రు. పదిన్నరకల్ల ఎండ మండేది, ఇంటికి మలిగేటోళ్లం. మధ్యాహ్నం కండ్లు మూస్తే లోపల రోడ్లు నడిచేటియి. ఇంట్ల మా బాపు మూలకు కూసొని పేపరు చదువుకునే మనిషి. ఆ పల్లెలల్ల ఆయన గడియారం, తాత, దేవుడు. ముప్పయ్యేండ్లు మా ఇంట్ల ఉన్నది ఆయనల ఎంత తక్కువనో అని నాకు కొద్దిగ కోపం గూడ వచ్చింది.

అవ్వ గేటు తాళం తీసుకుంట రోజూ అడిగేది.

"ఎవరింట్ల కూసున్నరు?"

"అందరిండ్లల్లనే."

"ఆడోళ్లు ఎవరన్న...?"

"అందరు ఉన్నరవ్వా. ఆడోళ్లు, మొగోళ్లు, మేకలు."

ఆమె నవ్వలే.

తొవ్వ ఎందుకు దొరుకుతలేదో నాకు మెల్లగ అర్థమైంది. చౌరస్తాలల్ల బాపు ఎడమ చెయ్యి ఎత్తేటోడు, అంతల్నే దించేటోడు. కొత్త బైపాసు పడ్డది. పాత స్టేజీల షెడ్లు కూలగొట్టిన్రు. కొన్ని గుట్టలైతే లేనే లేవు. ఆయన తలకాయల ఉన్న రోడ్లు భూమి మీద లేవు. కొన్నిసార్లు నాకు ఇంకోటి గూడ అనిపించేది. ఒక మలుపు దగ్గరికి రాంగనె నా నడుము చుట్టు ఉన్న ఆయన చెయ్యి బిగుసుకునేది. పోవాల్నని ఉన్నది, పోవాల్నంటే బుగులు గూడ ఉన్నది.

మే నెల సగమైంది. ఒకనాడు వడగాలికి బాపుకు జరమొచ్చి పండుకున్నడు. అవ్వ ఆయన కాళ్ల కాడ కూసొని, తడిబట్ట పిండుకుంట, నాతోని అన్నది.

"ఇగ తిరుగుడు బందు చెయ్యి. దొరకది. దొరికినా నాకు వద్దు."

"ఏమైందవ్వా?"

"పదకొండేండ్ల కింద, నువ్వు వరంగల్‌ల చదువుకుంటున్నవు. వానకాలం. ఒకనాడు డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముట్టలే. తెల్లారి ముట్టలే. నెల రోజులు గట్లనే. నన్ను చూసేటోడు కాదు. ఆఫీసోళ్లను బతిలాడి రూటు మార్పిచ్చుకున్నడు. ఎందుకని అడిగితే లేచి బయటికి పోయేటోడు. నేనేమనుకోవాలె? ఆ రూట్ల ఎవరో ఉన్నదనుకున్న. మనసు కలిసింది, తెగింది, గందుకే గట్లయిండనుకున్న." బట్టను గిన్నెల వేసింది. "ఇప్పుడు మతి పోయేకాడ ఆమెనే యాదికొస్తున్నది."

ఆ సాయంత్రం లింగమూర్తి కాకకు ఫోన్ చేసిన. బాపుతోని ఎక్కువ ఏండ్లు కండక్టరుగ చేసింది ఆయననే. రిటైరై నస్పూర్‌ల, బొగ్గు బాయిల పనిచేసే కొడుకు దగ్గర ఉంటుండు. బాపు మంచిచెడ్డలు అడిగినంక, పదకొండేండ్ల కింద మార్పిచ్చుకున్న రూటేదని అడిగిన.

"చింతలొద్ది," అన్నడు. "ఎందుకడుగుతున్నవు బిడ్డా?"

చెప్పిన.

"ఆదివారం మాపటీలి. కుండపోత వాన. బస్సుల నిలువు జాగ లేకుండె, ఫుట్‌బోర్డు మీద గూడ మనుషులు. చింతలొద్ది స్టేజి కాడ ఒకాయన తువ్వాల ఊపుతుండు. పక్కన ఒక పిల్ల, నెత్తి మీద సూట్‌కేసు. ఇంటర్ చదువుతదట, హాస్టలుకు పోవాలె. అదే ఆఖరి బస్సు. మీ బాపు బ్రేకు మీద కాలు వెట్టిండు. నేను 'రైట్ రైట్' అన్న. కాలు తీసిండు."

"ఏమైంది కాకా?"

"వెనుకొచ్చిన ఆటో ఎక్కింది. వాగు మోరి మీద నీళ్లు పారుతున్నయ్, ఆటో బోల్తా పడ్డది. పిల్ల పోయింది. మనం తప్పు చేయలే భూమన్నా, జాగ లేకుండె అని నేను మీ బాపుకు ఎన్నోసార్లు చెప్పిన. నాకు నేను గూడ చెప్పుకున్న. నాకు నిద్ర పట్టింది. ఆయనకు పట్టలే. ఆ పిల్ల తండ్రి హనుమండ్లు. ఆ రూటుకు ఇద్దరు డ్రైవర్లుంటుండె, ఆనాడు ఎవరో వాళ్లకు తెల్వది."

ఫోన్ పెట్టేసి వచ్చి అవ్వకు అంతా చెప్పిన. ఆమె చాటల ఆకులు సర్దుకుంట విన్నది. సర్దినయే మళ్ల మళ్ల సర్దింది.

"పదకొండేండ్లు," అన్నది, "లేని మనిషిని తిట్టుకుంట అన్నం వడ్డించిన."

కొంగు ముడి విప్పి చాబి నా చేతుల పెట్టింది. "జరం తగ్గినంక తీస్కపో."

చింతలొద్ది మా టౌనుకు పదిహేను కిలోమీటర్లు గూడ లేదు. బైపాసు కిందికెల్లి ఒక మట్టి తొవ్వ, రెండు దిక్కుల తునికి చెట్లు, ఎండిన వాగు. ఆ వాగు దాటంగనె బాపు నా భుజం మీద కొట్టిండు. ఆపిన. స్టేజి షెడ్డు లేదు, ఒక సిమెంటు దిమ్మె మిగిలింది. బాపు దిగి దాని పక్కన నిలబడి, బస్సు వచ్చే దిక్కు చూసిండు. ఎండ ఇంకా ముదరలే, రోడ్డు మీద చెట్ల నీడలు సన్నగ కదులుతున్నయ్. ఆయన "కాదు" అనలే.

హనుమండ్లు ఇల్లు అడిగితే చూపెట్టిన్రు. వేప చెట్టు కింద నులక మంచం అల్లుతుండు, అరవై ఏండ్ల బక్క మనిషి. బాపును చూసి కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని లేచిండు.

"భూమన్న గద! దేవవ్వా, ఎవరొచ్చిన్రో చూడు, మన పాత బస్సు భూమన్న!"

ఆయన భార్య దేవవ్వ బయటికొచ్చి దర్వాజ గల్మ కాడ కూసున్నది. బాపు సంగతి నేను చెప్పిన. ఇద్దరు అయ్యో అయ్యో అనుకున్నరు. గోడ మీద ఒక ఫోటో ఉన్నది, రెండు జడల పిల్ల, దానికి ఎండిన బంతిపూల దండ. బాపు దాన్నే చూస్తుండు. హనుమండ్లు ఆ చూపు ఎంబడి చూసిండు.

"మా పిల్ల. నువ్వు రూటు మారిన యేడే పోయింది అన్నా. ఆనాడు ఆఖరి బస్సు ఆపలే. తువ్వాల ఊపుకుంట నీళ్లల్ల ఉరికిన, గయినా ఆపలే. తర్వాత ఎన్నోసార్లు దేవవ్వతోని అన్న, భూమన్న డ్యూటీ ఉంటే తప్పక ఆపేటోడు అని."

బాపు నా దిక్కు తిరిగిండు. ఆ చూపు నేను ఇప్పటికీ చెప్పలేను. ఆయన పెదవులు కదిలినయ్. "రై..." అన్నడు, అక్కడనే ఆగిపోయిండు. ఎడమ చేత్తోని నా మోచెయ్యి పట్టుకున్నడు. ఆపినట్టు కాదు, చెప్పుమని బతిలాడినట్టు.

చెప్పకపోతే పోయేదేం లేదు. సల్ల తాగి, దండం పెట్టి, ఇంటికి పోవచ్చు. ఆ మనుషులకు ఒక మంచి డ్రైవరు మిగులుతుండె.

"కాకా," అన్న. "ఆనాడు డ్యూటీ మా బాపుదే."

హనుమండ్లు చేతుల నులక అట్లనే ఉన్నది.

"ఆయన చెప్పరాక నాతోని చెప్పిస్తుండు కాకా. రెండు నెలల సంది గీ ఊరు దేవులాడుతుండు."

బాపు మంచం పట్టెకు ఆనుకొని కిందికి వంగి, నేల మీద కూసున్నడు. ఒక్క చెయ్యితోని దండం ఎట్ల పెడతరు? ఎడమ చెయ్యి ఎత్తి నుదుటికి ఆనిచ్చిండు. పడిపోయిన కుడి చెయ్యిని అదే చేత్తోని పట్టి పైకి లేపబోయిండు. జారింది.

దేవవ్వ లేచింది. "బస్సు ఆపితే అయిపోతుండె గద అన్నా," అన్నది. గంతే. లోపలికి పోయి దర్వాజ దగ్గరికేసుకున్నది.

హనుమండ్లు మాట్లాడిండు. ఆయన మాట బాపుతోని కాదు, చేతుల ఉన్న నులకతోని.

"రేపు పొద్దుగాల బస్సుకు పంపుదమని దేవవ్వ అన్నది. పరీక్ష ఉన్నది, పోవాల్సిందే అని ఆటో ఎక్కించింది నేను. సూట్‌కేసు నేనే పెట్టిన. పైలంగ పో బిడ్డా అని నేనే అన్న." కండ్లు తుడుచుకోలే. "బస్సును తిట్టుకుంటే నాకు జర ఆసరా ఉండె. ఇప్పుడు నిన్ను ఏమని తిట్టాలె."

అట్ల అనుకుంటనే బాపును లేవనెత్తి మంచం పట్టె మీద కూసుండవెట్టిండు. ఇద్దరు పక్కపక్కన కూసున్నరు. నేను స్కూటీ దగ్గరికి పోయి నిలబడ్డ. ఎండ వాకిట్లకు వచ్చేదాక వాళ్లు గట్లనే ఉన్నరు.

ఆ తర్వాత బాపు గేటు దిక్కు పోలే. అవ్వ తాళం తీసేసి పాత సామాన్ల డబ్బాల పారేసింది. ఆయన పక్కకు చాట తెచ్చుకొని కూసొని, ఎన్నడు లేంది, వాడకట్టు ముచ్చట్లన్నీ చెప్తుండె. నాకు మాత్రం దేవవ్వ ఏసిన దర్వాజనే యాదికొచ్చేది. ఆమె గాయం మీది పొక్కు పీకొచ్చినమా అనిపించేది.

మిరుగం కార్తె మొదలైన రెండు దినాలకు, తొలకరి పడి ఊరంత మట్టి వాసన కొడుతుంటే, హనుమండ్లు మా ఇంటికొచ్చిండు. పత్తి గింజలకని టౌనుకు వచ్చిండట. గల్మ కాడనే నిలబడి అన్నడు.

"దేవవ్వ రమ్మన్నది. ఆదివారం."

పోయినం. దేవవ్వ బాపు ఎదురుంగ పీట ఏసుకొని కూసున్నది. మొఖంల కోపం లేదు, నెమ్మది గూడ లేదు.

"నా బిడ్డ పేరు ఎరుకేనా నీకు?"

బాపు తల అడ్డం ఊపిండు.

"స్వరూప. అను."

బాపు నోరు తెరిచిండు. గాలి వచ్చింది.

"అను. అనేదాక ఊకోను. స్వ. రూ. ప."

ఆనాడు రాలే. మెడ నరాలు ఉబ్బి, చెమటలు కారి, ఏడిచిండు. నాకు దేవవ్వ మీద కోపమొచ్చింది. లేచి పోదాం బాపూ అన్న. ఆయన "కాదు" అన్నడు.

వచ్చే ఆదివారం మళ్ల పోయినం. ఆ వచ్చే ఆదివారం గూడ. బళ్లు తెరిచిన్రు, నాకు ఆదివారం ఒక్కటే ఖాళీ, అది చింతలొద్దిదైంది. పత్తి మొలిచింది. వాగుల నీళ్లొచ్చినయ్. ఒకసారి అవ్వ గూడ చాట పట్టుకొని ఎంబడొచ్చింది, హనుమండ్లే ఎడ్లబండి తెచ్చి బైపాసు కాడ ఎక్కించుకున్నడు. అవ్వ, దేవవ్వ మొదలు ఎడమొఖం పెడమొఖంగ కూసొని, చివరికి ఒక్కటే చాటల బీడీలు చేసిన్రు. దేవవ్వ పాఠం మాత్రం ఆపలే. మొదట్ల శిక్ష తీరుగ అడిగేది. తర్వాత తర్వాత బాపు పెదవులు చూసుకుంట, తన పెదవులు గూడ అట్లనే పెట్టి, మెల్లగ పలికి చూపేది.

శ్రావణంల ఒక ముసురు పూట వచ్చింది ఆ మాట. ముక్కలు ముక్కలుగ, బొంగురుగ. "స్వ... రూప." హనుమండ్లు లేచి చెట్టు వెనుకకు పోయిండు. దేవవ్వ కదలలే. "ఇంకోపారి," అన్నది.

ఇగ ఆ మాట ఆయన నోరు వదలలే. అన్నం కావాలంటే స్వరూప. ఫ్యాను వేయమంటే స్వరూప. అవ్వను, నన్ను, పాలు పోసే ఆమెను, అందరిని అదే పేరుతోని పిలుస్తుండె. మేము గూడ పలుకుతుంటిమి.

బతుకమ్మ దగ్గరికొచ్చిన ఆదివారం, చింతలొద్ది వాకిట్ల బాపుకు దప్పికైంది. నా దిక్కు చెయ్యి చాపి "స్వరూపా" అని పిలిచిండు. నేను చెంబు పట్టుకొని లేవబోయిన. దేవవ్వ నా చెయ్యి పట్టి ఆపింది. ఇన్ని నెలల్ల ఆమె నన్ను ముట్టుకున్నది అదే మొదలు. నన్ను బాపు ముందరికి గుంజి నిలబెట్టింది.

"ఇది స్వరూప కాదు అన్నా. స్వరూప లేదు. ఇది నీ బిడ్డ. మమత. ఏది, అను."

పక్షవాతం వచ్చిన దినం నుంచి నా పేరు బాపు నోట రాలే. రాదని నేను అడుగుడే మానేసిన.

దేవవ్వ పీట దగ్గరికి జరుపుకొని, ఆయన గదువ పట్టుకొని, తన రెండు పెదవులు కలిపి చూపెట్టింది. బాపు ఆమె నోటినే చూసిండు. తన పెదవులు కలిపిండు. విడదీసిండు.

"మ," అన్నడు.